సేవా క్లబ్ ప్రెసిడెంట్ కాబోతున్నారా? జూలై 1 లోపు ముగించాల్సిన పనులు

రోటరీ క్లబ్బుల్లో డిసెంబరులోనే ఎన్నిక అయిపోతుంది. చప్పట్లు, శాలువా, వాట్సాప్ గ్రూపులో దండల బొమ్మలు. ఆ తర్వాత జూన్ దాకా చాలామంది చేతులు కట్టుకుని కూర్చుంటారు. జూలై 1న ప్రెసిడెంట్ పదవికి గుర్తయిన కాలర్ మెడలో పడ్డాక బ్యాంకు సంతకాలు, చందాలు, కమిటీలు, ఇన్‌స్టలేషన్ (పదవీ స్వీకార వేడుక) ఖర్చు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. తేరుకునేసరికి వినాయక చవితి వచ్చేస్తుంది. ఆ వెనకే బ్రహ్మోత్సవాలు, ఆ వెనకే వానలు. ఏడాదిలో సగం అలా కరిగిపోతుంది.

తిరుపతి, చిత్తూరు క్లబ్బుల్లో కొత్తగా ఎన్నికైనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఎక్కడ మొదలుపెట్టాలి?" రోటరీకైనా లయన్స్‌కైనా సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. మీ పని మాత్రం జనవరిలోనే మొదలు కావాలి. ఈ మార్గదర్శి ఆ ఆరు నెలల గురించి. వేరే సేవా సంఘమైనా పేర్లు మారతాయి, పనులు ఇవే.

1. జనవరి: ముందు కాగితాలు చూడండి

ప్రాజెక్టుల గురించి ఆలోచించడానికి ముందు, మీ చేతికి వస్తున్నది ఏమిటో తెలుసుకోవాలి. ఇప్పటి ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్లి అడగండి. అడిగే తీరు ముఖ్యం. ఆయనకు ఇంకా సగం ఏడాది ఉంది, మీరు తనిఖీకి వచ్చినట్టు ఉండకూడదు. "అన్నా, నాకు అర్థం కావడానికి ఒకసారి చూసి ఇచ్చేస్తాను" అంటే సరిపోతుంది.

అడగాల్సినవి:

- క్లబ్ బైలాస్, సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే ఆ సర్టిఫికెట్
- గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఇప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్
- మినిట్స్ పుస్తకం
- సభ్యుల జాబితా: చేరిన ఏడాది, ఫోను, చందా బకాయి
- పాన్ కార్డు, ఆదాయపు పన్ను మినహాయింపుకు సంబంధించిన 12ఎ, 80జి కాగితాలు ఉంటే వాటి గడువు తేదీలు
- క్లబ్ సామాన్ల జాబితా: ఏది ఎవరి దగ్గర ఉంది
- బయటివాళ్లకు ఇచ్చిన మాటలు: ఏ బడికి, ఏ ఊరికి, ఏం చేస్తామన్నారు

చివరి రెండింటినీ ఎవరూ పట్టించుకోరు. క్లబ్బు కొన్న ఫ్రీజర్ బాక్సు ఒక సభ్యుడి షెడ్డులో ఉంటుంది, తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి ఎవరింట్లోనో చావు కబురు వచ్చి బాక్సు కావాలని ఫోను చేస్తే మీకు ఆ ఇద్దరి నంబర్లూ తెలిసి ఉండాలి. చక్రాల కుర్చీలు, మైకు సెట్టు, టెంటు సామాను కూడా అంతే. ఒక ఆదివారం ఇద్దరు వెళ్లి అన్నీ కళ్లతో చూసి, ఫొటో తీసి, పని చేస్తున్నాయో లేదో రాసుకోండి.

బడుల్లో పెట్టిన ఆర్వో ప్లాంట్లకైతే తప్పకుండా వెళ్లండి. గోడ మీద దాతల పేర్ల పలక మెరుస్తూ ఉంటుంది, కుళాయిలో నీళ్లు రావు. ఫిల్టరు మార్చేవాళ్లు లేక ఆగిపోయినదాన్ని బాగు చేయించడం కొత్తది పెట్టడం కంటే చవక. పైగా మీ క్లబ్బు మాట నిలబడుతుంది.

2. ఫిబ్రవరి: సెక్రటరీ, ట్రెజరర్ కుదిరితే సగం ధైర్యం

ఈ ఇద్దరి విషయంలో తొందరపడితే ఏడాదంతా మీరే మూడు ఉద్యోగాలు చేయాల్సి వస్తుంది.

సెక్రటరీకి ఉండాల్సింది వాక్చాతుర్యం కాదు. ఫోనుకు అదే రోజు బదులివ్వాలి. మీటింగు అయిన రెండు రోజుల్లో మినిట్స్ రాయాలి. డిస్ట్రిక్ట్ (ప్రభుత్వ జిల్లా కాదు, చుట్టుపక్కల క్లబ్బులన్నీ కలిసే పై విభాగం) నుంచి వచ్చిన మెయిల్ తెరిచి చదవాలి. ఆన్‌లైన్ పోర్టల్‌లో నెలనెలా రిపోర్టులు ఎక్కించాలి. వయసుతో పనిలేదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ప్రైవేటు బడులు నడిపే ఆడవాళ్లు ఈ పని చాలా బాగా చేస్తారు.

ట్రెజరర్‌కు ఉండాల్సిన గుణం ఒక్కటే: మీకు "కుదరదు" అని చెప్పగలగాలి. మీరు ఉత్సాహంలో వేదిక మీద పదివేలు ప్రకటించేస్తే, కిందికి దిగాక "ఏ పద్దులోంచి ఇమ్మంటారు?" అని అడిగే మనిషి కావాలి. మీ మాటకు ఎదురు చెప్పలేని తమ్ముడిలాంటివాణ్ని పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది, మే నెల దాకా.

ఎంచుకునే ముందు ఒక చిన్న పని అప్పగించి చూడండి. సభ్యుల పుట్టినరోజులు, పెళ్లిరోజుల జాబితా వారంలో సరిచేసి ఇమ్మనండి. వారంలో వచ్చిందా, పదిసార్లు గుర్తు చేయాల్సి వచ్చిందా అన్నదాన్నిబట్టి మీకే తెలిసిపోతుంది.

కమిటీ ఛైర్మన్లను ఇప్పుడే అందరినీ ప్రకటించవద్దు. పని ఏదో తేలకముందే మనిషిని పెడితే పదవి మిగులుతుంది, పని మిగలదు.

3. ఫిబ్రవరి–మార్చి: శిక్షణ తప్పించుకోకండి

రోటరీలో ప్రెసిడెంట్ ఎలెక్ట్‌ల, అంటే ఎన్నికై ఇంకా బాధ్యత తీసుకోనివాళ్ల, సెమినార్‌ను పెట్స్ అంటారు. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెడతారు. దానికి హాజరు కావడం ప్రెసిడెంట్ బాధ్యత చేపట్టడానికి షరతు. లయన్స్‌లోనూ డిస్ట్రిక్ట్ స్థాయిలో క్లబ్ ఆఫీసర్లకు శిక్షణ ఉంటుంది. తేదీ తెలిసిన రోజే దుకాణం, క్లినిక్, కోర్టు పనులు సర్దుకోండి.

అక్కడ ఉపన్యాసాల కంటే భోజనాల దగ్గర దొరికేది ఎక్కువ. మీ క్లబ్బంత సైజులోనే ఉన్న వేరే ఊరి క్లబ్బు ప్రెసిడెంట్‌ను పట్టుకుని "చందా ఎంత? ఎందరు కట్టారు? డయాలసిస్ పరికరానికి డబ్బు ఎలా తెచ్చారు?" అని అడిగి రాసుకోండి.

గ్రాంట్లు, అంటే ప్రాజెక్టులకు రోటరీ ఫౌండేషన్ ఇచ్చే నిధులు, కావాలనుకుంటే రోటరీ క్లబ్బులు ఇంకో సంగతి చూసుకోవాలి. గ్రాంట్ మేనేజ్‌మెంట్ సెమినార్‌కు క్లబ్బు తరఫున మనిషి వెళ్లి, అర్హత పత్రం మీద సంతకం చేయాలి. ఇది ఏటా జరగాలి. గ్లోబల్ గ్రాంట్‌కు ప్రాజెక్టు విలువ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. మొదటిసారి ప్రెసిడెంట్ అయినవాళ్లు దాని వెంటపడటం నాకు అంత ఇష్టం ఉండదు. ముందు డిస్ట్రిక్ట్ గ్రాంట్‌తో చిన్న పని శుభ్రంగా చేసి, బిల్లులతో సహా లెక్క అప్పజెప్పి చూపించండి.

4. మార్చి: పాత ప్రెసిడెంట్ల ఇళ్లకు వెళ్లండి

ప్రతి క్లబ్బులోనూ ఐదారుగురు సీనియర్లు ఉంటారు. మీటింగులో వెనక వరుసలో కూర్చుంటారు, ఒక్క మాటతో మీ తీర్మానాన్ని పడగొట్టగలరు. వాళ్లను వేదిక మీద మొదటిసారి ఎదుర్కోవద్దు. ఇంటికి వెళ్లి కాఫీ తాగుతూ మాట్లాడండి. మీ ప్లాను వినిపించడం కాదు, వాళ్లు చేసిన పనుల గురించి అడగండి.

చిత్తూరు దగ్గర ఒక పల్లె బడిలో మరుగుదొడ్లు కట్టిద్దామని మీ ఆలోచన అనుకుందాం. సంభాషణ ఇలా సాగుతుంది:

"సార్, ఆ బడికి బాత్రూములు కట్టిద్దామని అనుకుంటా ఉండా. మీరేమంటారు?"

"మేం కట్టించినాం కదయ్యా ఒకసారి. నీళ్లు లేక తాళం ఏసేసినారు."

"బోరు లేదా సార్?"

"ఉండాది, ఎండాకాలం ఎండిపోతాది. ముందు సంపు కట్టించు, పంచాయతీ లైను కలిపించు. ఆ తర్వాత చూడు బాత్రూముల సంగతి."

ఈ నాలుగు మాటలు ఏ సెమినార్‌లోనూ దొరకవు. పైగా రేపు మీటింగులో సంపు ప్రతిపాదన మీరు పెట్టేటప్పుడు ఆయనే లేచి బలపరుస్తారు.

ఇద్దరు సీనియర్ల మధ్య పాత గొడవ ఉంటే పరిష్కరించాలని బయల్దేరకండి. ఇద్దరికీ వేర్వేరు పనులు ఇవ్వండి. ఒకరు బడుల వైపు, ఒకరు ఆరోగ్య శిబిరాల వైపు. ఏడాది పొడవునా వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోకుండా చూడటం కూడా నాయకత్వమే.

మిగతా సభ్యులకు ఫోన్లు చేయండి, రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున. మూడు ప్రశ్నలు చాలు: ఏ రోజు, ఏ వేళ మీటింగుకు రాగలరు? ఏ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు? ఏం జరిగితే చిరాకు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు దాచుకోండి. "ఏడున్నరకు అని చెప్పి తొమ్మిదికి మొదలుపెడతారు", "పిల్లల్ని తీసుకురమ్మంటారు, వాళ్లకు అక్కడ ఏమీ ఉండదు" లాంటివి. ఖర్చు లేకుండా సరిచేయగలిగినవి అందులోనే దొరుకుతాయి.

5. ఏప్రిల్: మన ఊరి క్యాలెండర్ వేసుకోండి

క్లబ్ ప్లాన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అంతర్జాతీయ దినాల జాబితా ముందు పెట్టుకుని నెలకో కార్యక్రమం రాసేస్తారు. మన దగ్గర నెలలు అలా నడవవు. మీ సభ్యుల్లో హోటలువాళ్లు, ట్రావెల్స్‌వాళ్లు, డాక్టర్లు, టీటీడీ ఉద్యోగులు, మామిడి వ్యాపారులు ఉంటారు. వాళ్లకు ఎప్పుడు ఊపిరి ఆడదో ముందు గీసుకుని, మిగిలిన తెల్ల జాగాలో మీ పనులు పెట్టండి.

- జూన్–జూలై: చిత్తూరు వైపు తోతాపురి కోతలు. తోటలున్నవాళ్లు, పల్ప్ ఫ్యాక్టరీలవాళ్లు దొరకరు. బడులు తెరుస్తారు కనుక నోటు పుస్తకాలు ఇవ్వదలిస్తే ముందే కొని ఉంచాలి. ఆగస్టులో ఇస్తే అప్పటికి తల్లిదండ్రులు అప్పు చేసి కొనేసి ఉంటారు.
- వినాయక చవితి: చవితినాడు కాణిపాకం బ్రహ్మోత్సవాలు మొదలై 21 రోజులు జరుగుతాయి. చిత్తూరు క్లబ్బులు ఆ రోజుల్లో వేరే శిబిరం పెట్టుకోకుండా అక్కడే మంచినీళ్లో ప్రథమ చికిత్సో చూసుకోవడం మేలు.
- సెప్టెంబరు–అక్టోబరు: తిరుమల బ్రహ్మోత్సవాలు. గరుడ సేవ నాటికి తిరుపతిలో రోడ్లు, హోటళ్లు, పోలీసులు ఏవీ మీకు దొరకవు. ఇంటినిండా చుట్టాలు. ఆ పది రోజులు ఖాళీగా వదిలేయండి.
- అక్టోబరు చివరి నుంచి డిసెంబరు: మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. ఈ నెలల్లో షామియానా వేసి బయట శిబిరం పెట్టకండి. కల్యాణమండపమో బడి హాలో ఉంటేనే పెట్టండి. దుప్పట్లు, ఎమర్జెన్సీ కిట్ల నిధి మాత్రం సెప్టెంబరుకే సిద్ధంగా ఉండాలి. కార్తికంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలు కూడా వస్తాయి.
- జనవరి–ఫిబ్రవరి: సంక్రాంతి వారం పోగా మిగిలిన రోజులు బంగారం. వాన లేదు, ఎండ లేదు. పెద్ద కంటి శిబిరం ఇక్కడ పెట్టుకోండి. శ్రీకాళహస్తి క్లబ్బులు శివరాత్రి తేదీ చూసుకోవాలి.
- మార్చి: పది, ఇంటర్ పరీక్షలు. బడి ఆవరణలు ఇవ్వరు. వ్యాపారులు, ఆడిటర్లు లెక్కల్లో ఉంటారు.
- ఏప్రిల్–మే: చలివేంద్రాలు. కాలేజీలకు సెలవులు కనుక రక్తదాతలు తగ్గుతారు. తిరుపతిలో మేలో గంగమ్మ జాతర.

ఇంకొక తిరుపతి తలనొప్పి ఉంది, వేరే ఊరి ప్రెసిడెంట్లకు ఉండదు: దర్శనం. క్లబ్ డిస్ట్రిక్ట్ గవర్నర్ విజిట్ అన్నా, డిస్ట్రిక్ట్ మీటింగ్ అన్నా బయటి ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఆరుగురం వస్తున్నాం, కొంచెం చూడండి ప్రెసిడెంట్ గారూ." ఒకసారి ఒప్పుకుంటే ఏడాదంతా ఇదే పని. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే విడుదలవుతాయని, ఎవరికి వారు బుక్ చేసుకోవాలని ఆహ్వానంలోనే ఒక లైను రాయించండి. గదుల గురించి చెప్పడానికి ఒక సభ్యుణ్ని పెట్టి, మీ నంబరు తప్పించండి.

6. పెద్ద పనులు రెండే పెట్టుకోండి

పన్నెండు నెలలకు పన్నెండు ప్రాజెక్టులు అంటే అది ఆరంభ శూరత్వం. రెండు పెద్దవి, నాలుగైదు చిన్నవి. పెద్దదాన్ని ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రాయండి:

- ఇది కావాలని అడిగింది ఎవరు? వాళ్లేనా, మనమేనా?
- ఎవరి అనుమతి కావాలి? ఎవరికి లేఖ రాయాలి?
- ఏడాది తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?
- మన సభ్యుల్లో దీని గురించి తెలిసినవాళ్లు ఎవరు?

*రక్తదాన శిబిరం.* లైసెన్సు ఉన్న బ్లడ్ సెంటర్ వస్తేనే చేయాలి. తిరుపతి రుయా, స్విమ్స్ ఆస్పత్రుల బ్లడ్ బ్యాంకులతో తేదీ ముందే ఖాయం చేసుకోండి. 18 నుంచి 65 ఏళ్ల లోపువాళ్లు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు. మగవాళ్లకు రెండు దానాల మధ్య 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల విరామం ఉండాలి.

ఒకే రోజు రికార్డు కొడదామన్న సరదా మానుకోండి. ఎర్ర రక్తకణాలు గరిష్ఠంగా 42 రోజులే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకసారి 160 యూనిట్లు ఇవ్వడం కంటే నాలుగుసార్లు నలభై చొప్పున ఇస్తే ఆస్పత్రికి ఉపయోగం. అందులో ఒకటి తప్పకుండా మేలో పెట్టండి. కాలేజీలు ఉండవు కనుక బ్యాంకు ఉద్యోగులు, దుకాణాల కుర్రాళ్లు, అపార్ట్‌మెంట్ల వాళ్లను ముందే అడిగి ఉంచుకోవాలి.

*కంటి శిబిరం.* పరీక్ష ఊళ్లో, ఆపరేషన్ ఆస్పత్రిలో. ఈ గీత దాటకూడదు. తిరుపతిలో 2019 నుంచి అరవింద్ కంటి ఆస్పత్రి కూడా ఉంది కనుక మనకు దూరాభారం తక్కువ. ఆస్పత్రితో మాట్లాడుకున్నాక జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు, పంచాయతీకి, స్టేషనుకు లేఖలు ఇవ్వండి.

చంద్రగిరి పక్క ఒక పల్లెలో పెడుతున్నారనుకోండి. ముందురోజు సాయంత్రం మైకు కట్టిన ఆటో తిరగాలి. ఊరి ఆశా వర్కర్‌కు వారం ముందే చెప్పాలి, ఎవరి కళ్లకు పొర వచ్చిందో ఆమెకు తెలుసు. వేసవైతే పొద్దున్నే ఉపాధి హామీ పనికి పోతారు, ఆ వేళలు కనుక్కుని టైము పెట్టండి.

హాల్లో బల్లల వరుస ఇలా: గుమ్మం దగ్గర పేర్లు రాసే బల్ల. దాని పక్కనే కుర్చీలు, నీళ్లు, ఎందుకంటే ముసలివాళ్లు ఎనిమిదికే వచ్చి కూర్చుంటారు. తర్వాత బీపీ, షుగర్ బల్ల. తర్వాత చార్టు చదివించే చోటు, చివర్లో డాక్టరు. ఆపరేషన్ కావాలన్నవాళ్లకు ఇంకో బల్ల ఉండాలి, అదే అన్నిటికంటే ముఖ్యం. అక్కడ ఇంటివాళ్ల ఫోను నంబరు, వాడే మందులు, బస్సు ఎక్కే రోజు రెండు చీటీల మీద రాయాలి. ఒక చీటీ వాళ్లకు, ఒకటి మనకు. ఆ బల్ల దగ్గర కూర్చునేవారికి ఓపిక ఉండాలి. "మా కోడలు ఒప్పుకోదు నాయనా" అన్న అవ్వకు బదులు చెప్పాలి కదా.

ఆపరేషన్ అయ్యాక బస్సు ఎక్కించుకున్న చోటే మళ్లీ దించాలి. చుక్కల మందు వేస్తున్నారో లేదో వారం పాటు మన సభ్యులు ఫోను చేసి కనుక్కోవాలి. ఫొటోలో కంటికి కట్టు కట్టిన ముసలామె చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇస్తూ పదిమంది నిలబడటం మాత్రం మీ ఏడాదిలో ఆపించండి. ముఖం కనబడాలంటే ఆమెను అడిగి తీయాలి.

7. మే: డబ్బు లెక్క

ముందు చందా సంగతి. సభ్యుల జాబితాలో ఎందరుంటే అందరికీ క్లబ్బు పై సంస్థకు కట్టాల్సిందే. రోటరీలో జూలై 1, జనవరి 1 నాటి జాబితాను బట్టి ఇన్వాయిస్ వస్తుంది, అదీ డాలర్ల లెక్కలో. లయన్స్‌లోనూ అర్ధ సంవత్సరం లెక్కే. రెండేళ్లుగా రాని మనిషి పేరు జాబితాలో ఉంటే ఆయన వాటా క్లబ్బే కడుతుంది. అందుకే మేలోనే వాళ్లింటికి వెళ్లి "ఉంటారా సార్?" అని మర్యాదగా అడగాలి. ఉండనంటే బోర్డులో పెట్టి, జూన్ 30 లోపు పోర్టల్‌లో పేరు తీయించాలి.

ఒక ఉదాహరణ. సభ్యులు 40 మంది, చందా రూ.12,000. కాగితం మీద రూ.4,80,000. ఐదుగురు కట్టకపోతే రూ.60,000 లోటు. కానీ పైకి కట్టేది 40 మందికి. బడ్జెట్ వేసేటప్పుడు కాగితం మీది అంకె కాదు, పోయినేడు నిజంగా వసూలైన అంకె తీసుకోండి.

ఖాతాలు రెండు ఉండాలి. ఒకటి పాలన ఖర్చులకు: చందాలు, హాలు అద్దె, భోజనాలు. రెండోది సేవకు: జనం ఇచ్చిన విరాళాలు. శిబిరానికని వసూలు చేసిన డబ్బుతో ఫెలోషిప్ డిన్నర్ బిల్లు కట్టకూడదు. ప్రజల దగ్గర తీసుకున్నది ప్రజలకే పోవాలని లయన్స్ నియమాల్లో స్పష్టంగా ఉంది. రోటరీవాళ్లు కూడా అలాగే నడుపుకోవడం క్షేమం.

పక్కాగా ఉండాల్సినవి:

- విరాళాలు క్లబ్ ఖాతా క్యూఆర్ కోడ్‌కే రావాలి. ప్రెసిడెంట్ ఫోనుపేకి, ట్రెజరర్ గూగుల్‌పేకి వద్దే వద్దు.
- ప్రతి విరాళానికి నంబరు ఉన్న రసీదు. 80జి ఉన్న క్లబ్బయితే రూ.2,000 మించి నగదుగా ఇచ్చినదానికి దాతకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి.
- చెక్కుకు రెండు సంతకాలు.
- బిల్లు వెనక ఎందుకు, ఎవరు కొన్నారు, ఏ తేదీ అని రాసి ఓచరుకు పిన్ను కొట్టడం.
- నెలనెలా బోర్డు ముందు ఒక పేజీ లెక్క.

బ్యాంకులో సంతకాలు మార్చడానికి టైము పడుతుందని గుర్తుంచుకోండి. తీర్మానం నకలు, ముగ్గురి ఆధార్, పాన్, ఫొటోలు, పాతవాళ్ల సంతకాలు అడుగుతారు. జూన్ మొదటి వారం బోర్డులోనే "జూలై 1 నుంచి" అని తీర్మానం చేయించి కాగితాలు ఇచ్చేయండి. లేదంటే ఇన్‌స్టలేషన్ బిల్లులు మీ జేబులోంచి కడతారు, వాటి లెక్క తేలేది దసరాకి. సొసైటీ అయితే కొత్త కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయించడం సెక్రటరీ పని, అడిగి చేయించడం మీ పని.

8. ఇన్‌స్టలేషన్: తక్కువ ఖర్చు, తక్కువ ప్రసంగాలు

జూలైలో చాలా రోజులు ఆషాఢమే ఉంటుంది. పెళ్లిళ్లు ఉండవు కనుక తిరుపతిలో హాళ్లు సులువుగా దొరుకుతాయి, బేరమాడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు "ఆషాఢంలో పదవి ఏమిట్రా" అంటే వేడుక శ్రావణంలో పెట్టుకోండి, తప్పేం లేదు. పదవీకాలం మాత్రం వేడుకతో సంబంధం లేకుండా జూలై 1నే మొదలవుతుంది. పని ఆపకండి.

వేదిక మీద కుర్చీలు ఆరు మించితే కార్యక్రమం మీ చేతిలో ఉండదు. ప్రార్థన, స్వాగతం, పాత సెక్రటరీ రిపోర్టు, కాలర్ మార్పిడి, ప్రమాణం, మీ మాట, ముఖ్య అతిథి, కొత్త సభ్యుల చేరిక, వందన సమర్పణ. గంటన్నర. మీ ప్రసంగం ఐదు నిమిషాలు, అందులో రెండు పెద్ద పనులు, వాటి తేదీలు చెప్పండి. ధన్యవాదాల జాబితా కార్డు మీద ముద్రించండి. భోజనం తొమ్మిదికి పడాలి.

9. మీటింగులు

రోటరీ క్లబ్బు నెలకు కనీసం రెండుసార్లు కలవాలి. గంటలో ముగించండి. చెప్పిన టైముకు నలుగురే ఉన్నా మీటింగు మొదలుపెట్టే గాంగ్ (గంట) కొట్టండి, మూడో మీటింగుకు అందరూ టైముకు వస్తారు. అజెండా ముందురోజు గ్రూపులో పెట్టండి. వాదన మొదలైతే "బోర్డులో చూద్దాం" అని ముందుకు వెళ్లండి, ఆ మాట ప్రకారం బోర్డులో నిజంగా పెట్టండి.

10. ఎక్కడ తడబడతారు, ఎలా సర్దుకోవాలి

పాత ప్రెసిడెంట్ పనులు ఆపేయడం. ఆయన మొదలుపెట్టిన కుట్టు శిక్షణ కేంద్రం మీకు నచ్చకపోవచ్చు. అందులో చేరిన ఆడపిల్లల కోర్సు పూర్తయ్యేదాకా నడపండి, తర్వాత నిర్ణయించండి.

వాట్సాప్‌లో పరిపాలన. గ్రూపులో పెట్టిన మెసేజ్‌కు నలభై దండాలు వస్తాయి, పనికి నలుగురు రారు. పని చెప్పాలంటే పేరు పెట్టి, ఫోను చేసి చెప్పండి. గ్రూపులో వాదన పెరిగితే అక్కడ బదులివ్వకుండా ఆ మనిషికే ఫోను చేయండి.

రాజకీయ అతిథులు. ఒక పార్టీవారిని పిలిస్తే రెండోవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఎన్నికల ఏడాదిలో ముఖ్య అతిథిగా డాక్టరునో, హెడ్‌మాస్టరునో పిలవండి. గొడవే ఉండదు.

సభ్యుల సంఖ్య కోసం ఎవరినిబడితే వాళ్లను చేర్చుకోవడం. జూన్‌లో పదిమంది చేరితే గవర్నర్ మెచ్చుకుంటారు, జనవరిలో వాళ్ల చందా మీ నెత్తిన ఉంటుంది. చేర్చుకునే ముందు ఒక శిబిరానికి రమ్మనండి. ఎండలో రెండు గంటలు నిలబడితే చేర్చుకోండి.

ఇంటివాళ్లను మరచిపోవడం. ఏడాదంతా సాయంత్రాలు పోతాయి. ఏ రోజులు క్లబ్బువి, ఏ రోజులు ఇంటివి అని జూన్‌లోనే మాట్లాడుకోండి. లేకపోతే ప్రతి మీటింగుకు ముందు ఇంట్లో టెన్షనే.

మధ్యలో సెక్రటరీ చేతులెత్తేస్తే. దాచకండి, తిట్టకండి. జాయింట్ సెక్రటరీని మొదటి నుంచే మినిట్స్ రాయడంలో కూర్చోబెట్టి ఉంటే బోర్డులో ఒక తీర్మానంతో మార్పు జరిగిపోతుంది.

11. జూన్ చివరి వారం చెక్‌లిస్ట్

- సభ్యుల జాబితా పోర్టల్‌లో సరిచూశారా?
- బ్యాంకు కాగితాలు అందాయని రసీదు తీసుకున్నారా?
- పోర్టల్, మెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డులు చేతికి వచ్చాయా? వచ్చాక మార్చారా?
- బడ్జెట్ బోర్డు ఆమోదించి మినిట్స్‌లో ఎక్కిందా?
- రెండు పెద్ద పనులకు ఛైర్మన్, తేదీ, డబ్బు, అనుమతి లేఖలు ఖాయమయ్యాయా?
- రక్త శిబిరాల నాలుగు తేదీలు బ్లడ్ బ్యాంకుకు రాసి ఇచ్చారా?
- సామాన్ల జాబితా మీద పాత, కొత్త సెక్రటరీల సంతకాలు అయ్యాయా?
- ఫ్రీజర్ బాక్సు తాళం ఎవరి దగ్గరుందో, ఆ నంబరు గ్రూపులో పెట్టారా?
- పాత ట్రెజరర్ లెక్కలు ఆడిటర్‌కు ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకున్నారా?
- జూలై మొదటి మీటింగు అజెండా వెళ్లిందా?

రోటరీలోనైతే మీ తర్వాతి ప్రెసిడెంట్ ఎన్నిక కూడా డిసెంబరు లోపు జరగాలి. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. జనవరి నుంచి ప్రతి బోర్డు మీటింగుకు ఆ మనిషిని పిలవండి, ఈ కాగితాల ఫైలు అడగకముందే ఆయన చేతికివ్వండి.